ఇల్లు అమ్మువారు - కొనువారు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. "ఇల్లు కొని చూడు" అని మాత్రము చేర్చలేదు. కట్టువాడు ఇటుకను, సున్నమును, తాపీపనివానిని తానే ఎన్నుకొనును. కొనువానికి ఆ అవకాశము లేదు. ఎవరో, ఎన్నడో, ఎట్టి నేలమీదనో కట్టిన దానిని ఉన్నదున్నట్లు స్వీకరింపవలసి వచ్చును. ఆ ఉన్నది ఏమో ముందుగా తెలిసికొనుట ఎట్లు అన్నదే నేటి ప్రసంగ విషయము.

ఒక ఉదాహరణము కల్పించుకొందము. గుడివాడలో చిరకాలము పనిచేసి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయుడొకరు బందరు ఈడేపల్లిలో 5 సెంట్ల స్థలముతో కూడిన ఒక పెంకుటిల్లు కొనదలచినారనుకొందము. ఇంటిని అమ్మజూపుచున్నవారు ఇద్దరు అన్నదమ్ములు. వారి తండ్రి గతించినాడు. ఒకరు హైదరాబాదులోను, మరియొకరు విదేశములోను స్థిరపడినారు. మాస్టారి చేతనున్నది ఉద్యోగ విరమణనాడు వచ్చిన సొమ్ము. అట్టి సొమ్ము జీవితములో ఒక్కసారే వచ్చును. పోయినచో మరల రాదు. కనుక ఆయన ఆ ఇంటిని మూడు విధముల పరీక్షింపవలెను: నేలను చూడవలెను, మనుష్యులను విచారింపవలెను, పత్రములను చదువవలెను. చాలమంది మూడవదానితో ప్రారంభించి, దానితోనే ముగింతురు. చిక్కులు తరచుగా మొదటి రెండింటియందే పొంచియుండును.

మొదట నేల. మాస్టారు ఆ ఇంటిని మాఘమాసపు ఉదయమున చూచినారు. ఆ దినములలో డెల్టాలో ప్రతి ఇల్లును ముచ్చటగనే కనబడును. అదే ఇంటిని కార్తికమాసపు ముసురులో మరియొకమారు చూడవలెను. అంతవరకు ఆగుటకు వీలులేనిచో ఇరుగుపొరుగువారిని, ముఖ్యముగా ఆ వీధిలోని వృద్ధులను, "వాన పట్టినప్పుడు నీరు ఎంతవరకు వచ్చునండీ?" అని అడుగవలెను. అమ్మువానికంటె పొరుగువాడు నిర్మొగమాటముగ చెప్పును. వీధి మట్టమును, ఇంటి అరుగు మట్టమును పోల్చి చూడవలెను. మన పట్టణములలో పాత రోడ్డుపై కొత్త రోడ్డు వేయుచు పోవుటచే వీధి ఎత్తు పెరుగుచుండును. ఇల్లు ఉన్నచోటనే ఉండి పల్లములో పడును. అట్టి ఇంటిలోనికి వీధి నీరు పిలువకనే వచ్చును.

క్రింది డెల్టాలో పెక్కుచోట్ల ఉన్నది నల్లరేగడి. ఈ మన్ను వానకు ఉబ్బును, వేసవికి కుంచించి బీటలు వారును. లోతు చాలని పునాది దానితోపాటు ఏటేట కదలుచుండును. కిటికీ మూలనుండి ఏటవాలుగ సాగి, వ్రేలి కొన పట్టునంత విచ్చిన పగులు కనబడినచో పునాదిని అనుమానింపవలెను. పూతమీది వెంట్రుక పగుళ్ళకు భయపడనక్కరలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకై, అడుగున గుండ్రముగ విస్తరించు పునాది స్తంభములను రూపొందించినారు. వీనిని అండర్ రీమ్‌డ్ పైల్స్ అందురు. కొత్త ఇల్లు కొనువారు ఎట్టి పునాది వేసినారని అడుగుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

గోడ అడుగున మోకాలి ఎత్తువరకు పూత ఉబ్బి తెల్లని పొడి రాలుచున్నదా? అది నేలలోని ఉప్పు తేమతోపాటు పైకెక్కుచున్న గుర్తు. గది అంతయు పాతదై, అడుగుభాగమునకు మాత్రము కొత్తగా సున్నము వేసియున్నచో కారణము విచారింపవలెను. నూతిలోని నీటిని వేసవిలో రుచి చూడవలెను. దూలములను కత్తిమొనతో పొడిచి చెదలు కలవేమో చూడవలెను. గుడివాడ చుట్టుప్రక్కల చేపల చెరువులు విస్తరించియున్నవి. పూడ్చిన చెరువును ప్లాట్లుగా విడదీసి అమ్మజూపినచో, ఆ మన్ను గట్టిపడినదా లేదా అని ఇంజనీరుచేత పరీక్ష చేయింపక ముందుకు పోరాదు.

పులిగడ్డ దాటి దివిసీమలో అడుగిడినచో నేలతోపాటు సముద్రమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. 1864 నవంబరు 1వ తేదీని బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనలో సుమారు 10,000 మంది అసువులు బాసిరి. ఇవి భయపెట్టుటకు చెప్పుచున్న మాటలు కావు. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఇల్లు కొనువారు గదుల సంఖ్యతోపాటు నేలగచ్చు ఎత్తును, పైకప్పు గట్టిదనమును, తుపాను రక్షణ భవనమునకు గల దూరమును అడుగవలెను. సముద్రతీరమున పోటు రేఖనుండి 500 మీటర్ల లోపలి ప్రదేశము తీర నియంత్రణ నిబంధనలకు లోబడియున్నది. అచ్చట కొత్త కట్టడమునకు అనుమతి దొరకునో లేదో తెలిసికొనిన పిమ్మటనే బేరమాడవలెను. 2023లో బందరు ఓడరేవు నిర్మాణ మారంభమైనది. ఇట్టి పనులు జరుగు చోట "నేడు కొననిచో రేపు దొరకదు" అను మాట వినబడుట సహజము. తొందర పెట్టు అమ్మకమును చూచి మరింత నిదానింపవలెను.

ఇక మనుష్యులు. మన ఉదాహరణములోని ఇంటికి అన్నదమ్ములు ఇద్దరు అంటిమి. వారికి అవనిగడ్డలో ఒక చెల్లెలు కలదు. ఆమె మాట వచ్చినప్పుడు పెద్దవాడు, "మాస్టారూ, చెల్లెలికి పెళ్ళినాడే ఇచ్చి పంపినామండీ. ఆమె ఏమియు అడుగదు" అనును. మాస్టారు చెప్పవలసిన సమాధాన మొక్కటే: "అడుగకపోవుట వేరు నాయనా, వదలుకొనుట వేరు."

ఈ విషయమున మన రాష్ట్రము ముందడుగు వేసినది. గుడివాడ సమీపమున నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలమున, 1986లో, హిందూ వారసత్వ చట్టమునకు రాష్ట్రము సవరణ చేసి ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కల్పించినది. అది 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది. అంతకుముందే వివాహమైనవారికి వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆ నాటికి తండ్రి జీవించి ఉండకున్నను కుమార్తె హక్కుకు భంగము లేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వము రిజిస్టరు పత్రము ద్వారా జరిగిన పంపకములు మాత్రము చెదరవు. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా వ్రాయక మరణించినచో, 1956 నాటి చట్టము ప్రకారమే భార్యకు, తల్లికి, కుమారులకు, కుమార్తెలకు సమాన వాటాలు కలవు. ముస్లిము కుటుంబములలో కుమారునితోపాటు వారసురాలగు కుమార్తెకు అతని వాటాలో సగము వచ్చును. క్రైస్తవులలో కుమారులకు, కుమార్తెలకు భేదము లేదు. ఏ మతమునందును కుమార్తె పేరు లేని వంశవృక్షము సంపూర్ణము కాదు.

కనుక చెల్లెలు విక్రయ దస్తావేజులో తానును సంతకము చేయవలెను. లేదా తన వాటాను సోదరులకు విడిచినట్లు రిజిస్టరు దస్తావేజు వ్రాసి ఇయ్యవలెను. ఆమె వాటాకు తగిన సొమ్ము ఆమెకు ముట్టుట న్యాయము. పెళ్ళినాటి కట్నము ఆమె వారసత్వ హక్కును రద్దు చేయదు. తల్లి జీవించియున్నచో ఆమె సంతకము కూడ అవసరమే. వారసులలో మైనరుండి, అతనికి ప్రత్యేకముగ సంక్రమించిన వాటా ఉన్నచో, కోర్టు అనుమతి లేక సంరక్షకుడు దానిని అమ్మరాదు. విదేశములోనున్న సోదరుడు అధికారపత్రము పంపినచో, అది అమ్మకమునకు స్పష్టముగ అధికారమిచ్చుచున్నదా, నేటికిని చెల్లుచున్నదా అని చూడవలెను. జనరల్ పవరును చేతబట్టుకొని "ఇల్లు మీదే" అన్నంత మాత్రమున హక్కు సంక్రమింపదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

మూడవది పత్రములు. నేడున్న యజమానికి ఇల్లు ఎట్లు వచ్చినది, అతనికి ఇచ్చినవారికి ఎట్లు వచ్చినది అని వెనుకకు పోవుచు కనీసము 30 సంవత్సరముల లింకు దస్తావేజులను చూచుట వాడుక. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీసికొనవలెను. ఆ ఆస్తిపై రిజిస్టరైన క్రయములు, తనఖాలు అందు కనబడును. అయితే ఈసీకి కనబడని అప్పులును కలవు. అసలు దస్తావేజులను బ్యాంకులో ఉంచి అప్పు తెచ్చినప్పుడు దానికి రిజిస్టరు పత్రము లేకపోవచ్చును. అందుచేత నకళ్ళతో తృప్తిపడక అసలు దస్తావేజులను కన్నులార చూడవలెను. బ్యాంకుల తనఖాల నమోదుకై 2011లో ఏర్పడిన సెర్సాయి అను కేంద్ర రిజిస్ట్రీయందును వెదుకవచ్చును. తుపానులోనో, వరదలోనో దస్తావేజు పోయినదన్నచో నిరాశపడనక్కరలేదు. రిజిస్టరైన పత్రమునకు ధ్రువీకరించిన నకలు కార్యాలయమున లభించును. కాని నిజముగ పోయినదా, తాకట్టులో ఉన్నదా అన్నది విచారింపవలెను.

ఇంటిపన్ను రసీదు హక్కుపత్రము కాదు. గ్రామకంఠములోని ఇండ్లకు తరచుగా ఆ రసీదు తప్ప మరియొక ఆధారముండదు. అచ్చట అనుభవమును, వారసత్వమును మరింత జాగ్రత్తగా విచారింపవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు స్థలముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. తరువాతి సవరణలు కొంత గడువు గడచిన పిమ్మట కొన్నింటికి వెసులుబాటు కల్పించినవి. దేవాదాయ భూములు, వక్ఫు భూములు, అసైన్డు భూములు 22-ఏ అను నిషిద్ధ జాబితాలో ఉండును. సర్వే నెంబరు అందున్నదేమో ముందే చూచుకొనవలెను.

కొలతలను నోటిమాటకు వదలరాదు. సెంటు అనగా 48.4 చదరపు గజములు. 5 సెంట్లు 242 గజములగును. 36 అడుగుల వెడల్పు, అరువదిన్నర అడుగుల పొడవుగల స్థలము సరిగా 5 సెంట్లు. టేపు పట్టి కొలిచి, దస్తావేజులోని నాలుగు హద్దులతో సరిచూడవలెను. హద్దులలో పేర్కొన్న పొరుగువారు గతించియుందురు. నేడు ఆ స్థలములు ఎవరివో తెలిసికొని వ్రాయించవలెను.

అన్నియు సరిపడిన పిమ్మటనే బయానా. అగ్రిమెంటులో ధర, బయానా మొత్తము, మిగిలినది చెల్లించు గడువు, హక్కులో లోపము బయటపడినచో సొమ్ము తిరిగి ఇచ్చు షరతు స్పష్టముగ ఉండవలెను. దానిని రిజిస్టరు చేయించుకొనుట క్షేమము. స్థిరాస్తి అమ్మకములో 20,000 రూపాయలు గాని, అంతకు మించిన మొత్తము గాని నగదుగా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 నుండి నిషేధించినది. బ్యాంకు ద్వారా ఇచ్చిన సొమ్మునకు బ్యాంకే సాక్షి. స్టాంపు సుంకము తగ్గునను ఆశతో తక్కువ ధర వ్రాయించినచో, రేపు వివాదము వచ్చినప్పుడు వ్రాసిన సొమ్మునకే ఆధారముండును. వ్రాసిన దస్తావేజును సాధారణముగ 4 నెలల లోపల రిజిస్ట్రేషనుకు దాఖలు చేయవలెను. పిమ్మట పన్ను, కరెంటు మీటరు, కుళాయి పేర్లు మార్పించుకొనుట మరువరాదు.

అమ్మువారికిని ఒక మాట. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము, కొనువాడు సామాన్య జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపములు అమ్మువానికి తెలిసియున్నచో చెప్పితీరవలెను. దాచినది మోసమగును. అమ్మకము నాటివరకుగల పన్నులు సాధారణముగ అమ్మువానివే. కాగితములన్నియు ముందే కూర్చుకొని, లోపమును తానే చెప్పి, దానికి తగినట్లు ధర తగ్గించువానికి నష్టము లేదు. అతని బేరము త్వరగా తెగును, తరువాత కోర్టుకు ఈడ్వబడడు. పూర్తి సొమ్ము ఖాతాలో చేరకమునుపు మాత్రము దస్తావేజుపై సంతకము చేయరాదు.

మన మాస్టారు బయానా ఇచ్చుటకు ముందు బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళవలెను. ఆ చెల్లెలిని స్వయముగ కలిసి, "అమ్మా, మీ పుట్టింటిని నేను కొనదలచినాను. మీకు సమ్మతమేనా?" అని అడుగవలెను. ఆమె సమ్మతించి సంతకము చేసినచో ఆయనకు కలుగు నిశ్చింతను మరి ఏ పత్రమును ఈయలేదు. సమ్మతింపనిచో ఆయనకు నష్టమైనది బస్సు చార్జీ మాత్రమే.