జిర్కాను రత్నము

భిక్నూరున సిద్ధరామేశ్వరుని దర్శించుటకు బోవువారు ఆ ప్రాంతపు రాతిగుట్టలను జూచియే యుందురు. ఆ రాతిలో పలుగురాతి తునకలకును అభ్రకపు రేకులకును నడుమ, ఆవగింజకన్న మిక్కిలి చిన్నవైన రవ్వలు కొన్ని దాగియుండును. సూక్ష్మదర్శినికే గాని యవి కంటికి గానరావు. అవియే జిర్కాను రవ్వలు. పుట్టునపుడే వీనిలో జిక్కిన యురేనియము మెల్లమెల్లగా సీసమై మాఱుచుండును. ఆ రెంటి పాళ్లను గొలిచి శాస్త్రజ్ఞులు రాతి వయస్సును లెక్కింతురు. తెలంగాణపు గ్రానైటు రాళ్లలో బెక్కింటికి దాదాపు 250 కోట్ల యేండ్లని తేలినది యిట్టి లెక్కవలననే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్సు రవ్వలలో గొన్నింటికి సుమారు 440 కోట్ల యేండ్లు!

ఇంత ముదుసలి యైనను మన గుట్టలలోని రవ్వ యుంగరమునకు బనికిరాదు. సాన పట్టదగిన రాళ్లు సింహళము, బర్మా, కంబోడియా దేశముల కంకర నేలలలో దొరకును. మన భీమునిపట్టణపు తీరమునందలి యిసుకలోను జిర్కాను గలదు గాని, అట్టి యిసుక పింగాణిపనికిని లోహపు పోతపనికిని ఉపయోగించును. 1789లో జర్మను రసాయనజ్ఞుడు క్లాప్రోత్ సింహళపు రాతిని శోధించియే జిర్కోనియమను క్రొత్త ధాతువు జాడ కనుగొనెను. ఆ ధాతువు సిలికానుతోను ప్రాణవాయువుతోను గలిసినదే యీ రత్నము.

శుద్ధమైన జిర్కానుకు రంగు లేదు. దొరకునవి తేనెవన్నెవి, పసుపువి, ఎఱ్ఱగోధుమచాయవి. అంగళ్లలో నందఱు మెచ్చు నీలపు జిర్కాను మాత్రము చాలవఱకు నిప్పు చేసిన పని. కంబోడియా గోధుమచాయ రాళ్లను గాలి చొరకుండ మూసి, 900 మొదలు 1000 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు గాచినచో నీలమగును. గాలి దగులనిచ్చినచో తెలుపో పసుపో యగును. కొన్నిరాళ్ల నీలము ఎండ సోకి మాసిపోవుటయు గలదు. సింహళపు పచ్చరాళ్ల కథ వేఱు. అందలి యురేనియము, థోరియముల కిరణములు లోపలి కట్టును యుగయుగములుగా జెదరగొట్టినవి. మంచి జిర్కాను నీటికన్న 4.7 రెట్లు బరువుండగా, ఇట్టివి 4 రెట్లకు దిగును.

వెలుతురును రంగులుగా విఱుచుటలో జిర్కాను వజ్రమునకు కొంచెమే తక్కువ. సింహళపు తెల్లరాళ్లకు 'మాతర వజ్రము'లని పేరు వచ్చుట యిందులకే. అయినను పెళుసు రాయి. అనేకములను ఒకే పొట్లములో గట్టినచో అంచులు రాచుకొని చిట్లును. కావున దెలిసిన వర్తకులు ఒక్కొక్కదానిని వేఱుగా జుట్టుదురు.

గుర్తించుట కొక సులువున్నది. భూతద్దముతో పైపలకనుండి రాతిని అటునిటు వంచి చూడవలెను. జిర్కానున అడుగు పలకల అంచులు జంటగీతలై కానవచ్చును. పైన జెప్పిన తేలికరాళ్లలో ఈ జంట స్పష్టముగా నుండదు. వజ్రమున నెన్నడు నుండదు. రాహువునకై కొను గోమేధికము నిజమునకు హెస్సొనైటు అను గార్నెట్టు. దానిలోను జంట లేదు, లోపల పాకము కలియబెట్టినట్లుండును. తేనెవన్నె జిర్కాను ఆ పేరనే అమ్ముడుపోవుట కలదు.

పేరువలన గలుగు మోసము మఱియొకటి. 1970 తరువాత అంగళ్లను నింపిన 'క్యూబిక్ జిర్కోనియా' మనుష్యుడు కొలిమిలో జేసినది. దానికిని జిర్కానుకును జిర్కోనియమొక్కటే చుట్టఱికము. నాకు దెలిసిన యొక యింటివారు కూతు పెండ్లికై 'జిర్కాను కమ్మలు' అని విని రత్నపు వెల యిచ్చి కొనిరి. పెండ్లియైన నెలకు వానిని నాయొద్దకు దెచ్చి చూపిరి. ఎటు వంచి చూచినను అడుగున ఒక్క గీతయు జంటగా గానరాలేదు.