అడుగు తూలితే వయసే కారణమా?

పెనం మీద గరిటెతో దోసె తిప్పుతున్నామనుకోండి. చెయ్యి అంచుదాకా వెళ్ళి, సరిగ్గా అక్కడే వెనక్కి తిరుగుతుంది. ఎక్కడ ఆగాలో దానికి చెప్పేదెవరు? తల వెనుక, కిందివైపున ఉండే చిన్నమెదడు. పేరుకే చిన్నది. పరిమాణంలో మెదడులో పదోవంతే అయినా, మొత్తం నాడీకణాల్లో సగానికి పైగా ఇందులోనే ఉన్నాయి.

బీఎస్సీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేనంటుంటాను, చిన్నమెదడు పనంతా 'ఆగు' అనడంలోనే ఉందని. 1837లో పర్కింజీ అనే శాస్త్రవేత్త వర్ణించిన పెద్ద కణాలు దీని పైపొరలో ఉన్నాయి. ఆ పొర నుంచి బయటికి వెళ్ళే ఆదేశాలన్నీ వీటి ద్వారానే వెళ్తాయి. ఆ ఆదేశం ఎప్పుడూ 'తగ్గు' అనే! అందుకు అవి వాడే రసాయనం గాబా.

తోడుగా సెరటోనిన్

గాబా బ్రేకు అయితే, అది ఎంత పడాలో సరిచూసే వాటిలో సెరటోనిన్ ఒకటి. ఇది మెదడు అడుగుభాగంలోని కణాల నుంచి సన్నటి పోగుల ద్వారా చిన్నమెదడుకు చేరుతుంది. పర్కింజీ కణాలను అదుపులో పెట్టే చిన్న కణాలు కొన్ని ఉన్నాయి. ఎలుకల మీద ప్రయోగాల్లో, సెరటోనిన్ తగిలాక ఆ చిన్న కణాలు గాబాను ఇంకా ఎక్కువగా వదిలాయి. అంటే అదుపుచేసేవాళ్ళకూ అదుపు! కోడలి మీద అత్తగారు, ఆవిడ మీద మళ్ళీ ఆవిడ అత్తగారు ఉన్నట్టు.

ఇదంతా మనకెందుకంటారా?

పెదనాన్న పోయాక మా పెద్దమ్మ నిద్రపట్టక మాత్రలు మొదలుపెట్టింది. అదే చీటీతో ఏళ్ళతరబడి వాడింది. రాత్రి లేస్తే గోడ పట్టుకోనిదే అడుగు పడేది కాదు. అందరూ వయసన్నారు. డాక్టరు ఆ మాత్రలు చూసి అసలు సంగతి చెప్పారు. డయాజెపామ్, అల్ప్రజోలమ్ వంటివి గాబా పనిని బలపరుస్తాయి. నిద్రొస్తుంది నిజమే, కానీ చిన్నమెదడులోనూ బ్రేకు అవసరానికి మించి పడుతుంది. అడుగు తూలుతుంది. తాగినవాడు తూలడానికీ ఇదొక కారణమే. పెద్దవయసులో ఒక్కసారి పడితే తుంటి ఎముక విరగొచ్చు.

అలాగని మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పెద్దమ్మకు డాక్టరు నెలలపాటు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తూలుతుంటే, వాళ్ళు వేసుకునే మందులన్నీ ఓ సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పక్కింటావిడకు పనిచేసిందని నిద్రమాత్ర అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు.