మైలు లెక్క

ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందని అడిగితే చాలామంది పెట్రోలు ధర ఒక్కటే చెబుతారు. వాహనం కలవారికి అసలు సంగతి తెలుసు. బండి నడిచినకొద్దీ పెట్రోలు తరుగుతుంది, టైర్లు అరుగుతాయి, యంత్రభాగాలు పాతబడతాయి, తిరిగి అమ్మబోతే వచ్చే వెల తగ్గుతుంది. బండి కదలకుండా ఇంటిముందు నిలిచి ఉన్నా బీమా సొమ్ము చెల్లించక తప్పదు. ఈ ఖర్చులన్నింటినీ కలిపి మైలుకు ఇంత అని నిర్ణయించడం తేలికైన పని కాదు. అయినా అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం ఏటా ఆ పని చేస్తుంది. ఆదాయపు పన్ను లెక్కల కోసం ప్రకటించే ఈ మొత్తానికి ‘ప్రామాణిక మైలేజి రేటు’ అని పేరు.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వం తరఫున ఆదాయపు పన్ను వసూలు చేసే సంస్థ ఇంటర్నల్ రెవెన్యూ సర్వీసు. దీనిని సంక్షిప్తంగా ఐ.ఆర్.ఎస్. అంటారు. స్వయం ఉపాధితో జీవించే వ్యక్తి వృత్తి పనిమీద సొంత కారులో తిరిగినప్పుడు, ఆ ఖర్చును తన ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు. ఇందుకు రెండు మార్గాలున్నాయి. అసలు ఖర్చుల రసీదులన్నీ భద్రపరచి, వాటిలో వృత్తికి సంబంధించిన భాగాన్ని లెక్కకట్టడం మొదటిది. తిరిగిన మైళ్ళను ప్రామాణిక రేటుతో హెచ్చవేయడం రెండవది. 2025లో వ్యాపార ప్రయాణాలకు ఈ రేటు మైలుకు 70 సెంట్లు. డాలరుకు 100 సెంట్లు. మైలు అంటే సుమారు 1.6 కిలోమీటర్లు. ఆ ఏడాది ఒక వడ్రంగి పనిమీద 10,000 మైళ్ళు తిరిగితే, అతని ఆదాయం నుంచి 7,000 డాలర్లు తగ్గుతాయి. తగ్గేది పన్ను కాదు, పన్ను విధించదగిన ఆదాయం అని గ్రహించాలి. ఆ ఆదాయంపై పన్ను 22 శాతమైతే, ఆదాయపు పన్నులో అతనికి మిగిలేది 1,540 డాలర్లు.

ఈ సౌకర్యానికి కొన్ని నియమాలున్నాయి. ఇంటి నుంచి నిత్యం పనిచేసే చోటికి వెళ్ళిరావడం లెక్కలోకి రాదు. తేదీ, వెళ్ళిన చోటు, వెళ్ళిన పని, తిరిగిన మైళ్ళు ఎప్పటికప్పుడు రాసుకోవాలి. అమెరికాలో సొంత వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువారికీ ఇవే నియమాలు వర్తిస్తాయి. కొన్ని ప్రత్యేక వర్గాలకు తప్ప, ఉద్యోగులకు 2018 నుంచి ఈ మినహాయింపు లేదు. అయితే ఉద్యోగి మైళ్ళ లెక్క చూపినప్పుడు, యజమాని ఈ రేటుకు మించకుండా ఇచ్చే ప్రయాణ ఖర్చుపై పన్ను ఉండదు. అందువల్ల అనేక సంస్థలు తమ ఉద్యోగులకు చెల్లింపులు జరపడంలో ఈ రేటునే పాటిస్తాయి.

రేటు నిర్ణయానికి ఆధారం వాహన వ్యయాలపై ఏటా జరిగే అధ్యయనం. ఆ వ్యయాలు రెండు విధాలు. బీమా, రిజిస్ట్రేషన్ రుసుము వంటివి స్థిర వ్యయాలు. బండి ఎంత తిరిగినా వీటిలో పెద్ద మార్పు ఉండదు. ఇంధనం, చమురు, టైర్లు వంటివి చర వ్యయాలు. ఇవి తిరిగిన దూరాన్నిబట్టి పెరుగుతాయి. వీటితోపాటు వాహనం విలువలో వచ్చే తరుగుదలను కూడా లెక్కించి, సాధారణంగా డిసెంబరులో కొత్త రేటును ప్రకటిస్తారు. అది జనవరి 1 నుంచి అమలులోకి వస్తుంది.

గత సంవత్సరాల రేట్లను పరిశీలిస్తే ఆ కాలపు ఆర్థిక చరిత్ర కళ్ళకు కడుతుంది. 1998లో వ్యాపార రేటు 32.5 సెంట్లు. 2005 ఆరంభంలో అది 40.5 సెంట్లు. ఆ ఏడాది ఆగస్టు చివర కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరాన్ని దెబ్బతీసింది. చమురు శుద్ధి కర్మాగారాలు మూతపడి పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగింది. జనవరి వరకు వేచి ఉండకుండా ఐ.ఆర్.ఎస్. సెప్టెంబరు 1 నుంచే రేటును 48.5 సెంట్లకు పెంచింది. చమురు ధరలు మండిపోయిన 2008, 2011, 2022 సంవత్సరాలలో కూడా జూలై 1 నుంచి రేటు పెరిగింది. పెరగడమే కాదు, తగ్గడమూ ఉంది. 2008 ద్వితీయార్ధంలో 58.5 సెంట్లున్న రేటు 2009లో 55కు, 2010లో 50కి దిగింది.

అయితే పెట్రోలు ధరనుబట్టే ఈ రేటు మారుతుందనుకోవడం పొరపాటు. 2022 వేసవి తరువాత అమెరికాలో పెట్రోలు ధర దిగివచ్చింది. అయినా ఆ ఏడాది చివర 62.5 సెంట్లున్న వ్యాపార రేటు 2023లో 65.5కు, 2024లో 67కు, 2025లో 70కి చేరింది. కార్ల వెలలు, బీమా ఖర్చులు పెరగడమే దీనికి ప్రధాన కారణం. రేటులో తరుగుదల కింద లెక్కించే భాగమే 2022లో 26 సెంట్లుండగా 2025 నాటికి 33 సెంట్లయింది. వైద్యం కోసం చేసే ప్రయాణాలకు వేరొక రేటు ఉంది. దానిని చర వ్యయాల ఆధారంగా మాత్రమే నిర్ణయిస్తారు. అందుచేత 2024లో వ్యాపార రేటు పెరిగినా, వైద్య ప్రయాణాల రేటు 22 సెంట్ల నుంచి 21కి తగ్గింది. కారణం ఒక్కటే కానప్పుడు ఫలితమూ ఒకే దారిన నడవదు.

ఈ రెండింటికీ భిన్నమైన మూడవ రేటు ఒకటి ఉంది. ధర్మకార్యాల కోసం సొంత వాహనంలో తిరిగే స్వచ్ఛంద సేవకులకు వర్తించే రేటు అది. కదలలేని వృద్ధుల ఇళ్ళకు భోజనం చేరవేసేవారు ఇటువంటివారే. వీరి రేటు మైలుకు 14 సెంట్లు. దీనిని అధ్యయనం నిర్ణయించదు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టంలోనే రాసిపెట్టింది. కనుక ఐ.ఆర్.ఎస్.కు దీనిని మార్చే అధికారం లేదు. 1998 నుంచి అమలులో ఉన్న ఆ అంకె 2025లోనూ అదే. 1998లో అది వ్యాపార రేటులో సుమారు 43 శాతం. 2025లో 20 శాతం. 2025లో 1,000 మైళ్ళు తిరిగిన వ్యాపారికి 700 డాలర్ల మినహాయింపు లభిస్తే, అంతే దూరం తిరిగిన సేవకునికి ఈ రేటు ప్రకారం దక్కేది 140 డాలర్లు. పెట్రోలు, చమురులకైన అసలు ఖర్చును చూపుకొనే వీలు సేవకునికి ఉన్నా, బీమాకు, తరుగుదలకు అందులో చోటు లేదు.

చట్టం మారదని కాదు. కత్రినా బాధితులకు సాయపడేవారి కోసం 2005లో కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసి, వారి రేటును వ్యాపార రేటులో 70 శాతంగా నిర్ణయించింది. 2006 ముగిసేసరికి ఆ వెసులుబాటు కూడా ముగిసింది. ధరలతోపాటు కదిలే ఏర్పాటు చేయడం అసాధ్యం కాదని మాత్రం ఆ చట్టం నిరూపించింది.

దుకాణదారుడు తన తూకపు రాళ్ళను నిర్ణీత కాలానికొకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. రాయి అరిగితే కొనేవాడో అమ్మేవాడో నష్టపోతాడు. ప్రభుత్వం నిర్ణయించే రేట్లూ అటువంటి తూకపు రాళ్ళే. ఏటా సరిచూసే రేటు హెచ్చినా తగ్గినా న్యాయానికి దగ్గరగా ఉంటుంది. ఒకసారి రాసి వదిలివేసిన రేటు పైకి స్థిరంగా కనిపిస్తుంది. నిజానికి ధరలు పెరిగిన కొద్దీ దాని విలువ కరిగిపోతుంది. ఆ భారం మాత్రం ప్రతిఫలం కోరకుండా బండి తీసి బయలుదేరిన మనిషి మీదనే పడుతుంది.