మాత్రాప్రస్తారము – కందగణముల సంఖ్య

కందపద్యమునకు గగ, భ, జ, స, నలము అను ఐదు గణములే విహితములని లాక్షణికులు చెప్పిరి. ఛందస్సు నభ్యసించు ప్రతి విద్యార్థియు దీనిని కంఠస్థము చేయును. కాని ఆ గణములు ఐదే యేల, నాలుగు గాని ఆఱు గాని యేల కారాదు అను ప్రశ్న మాత్రము తరగతులలో అరుదుగా వినవచ్చును. దీనికి సమాధానము వెదకినచో కవిత్వమునకును గణితమునకును గల ప్రాచీనసంబంధము తేటపడును.

గురువు రెండు మాత్రలు, లఘువు ఒక మాత్ర. కందగణము ప్రతిదియు నాలుగు మాత్రలు గలది. కావున గురులఘువుల నెన్ని విధముల కూర్చిన నాలుగు మాత్రలగును అనునదే అసలు ప్రశ్న. ఒక మాత్రకు 'ల' అను నొకటే రూపము. రెండు మాత్రలకు 'గ', 'లల' అని రెండు. మూడింటికి 'లగ', 'గల', 'లలల' అని మూడు. ఇక నాలుగు మాత్రల రూపమేదైనను తుదిని లఘువుతో గాని గురువుతో గాని ముగియవలెను. తుదిని లఘువున్నచో దానికి ముందు మూడు మాత్రలుండును. అవి మూడు విధములు. తుదిని గురువున్నచో దానికి ముందు రెండు మాత్రలుండును. అవి రెండు విధములు. లగల, గలల, లలలల అనునవి మొదటి వర్గము. ఇవియే జ, భ, నలములు. గగ, లలగ అనునవి రెండవ వర్గము. ఇవియే గగ, సగణములు. మొత్తము 3+2=5. కందగణములు ఐదగుట ఎవరి యిచ్ఛయు గాదు; అది చతుర్మాత్రాప్రస్తారమునకు సహజమైన సంఖ్య.

ఈ యుక్తియే పై మాత్రలకును చెల్లును. ఐదు మాత్రలకు 8, ఆఱింటికి 13, ఏడింటికి 21 రూపములు. ముందున్న రెండు సంఖ్యల మొత్తమే తరువాతి సంఖ్య. ఈ నియమమును విరహాంకుడు క్రీ.శ. 6–8 శతాబ్దముల నడుమ ప్రాకృతభాషలో రచించిన వృత్తజాతిసముచ్చయమున చెప్పెను. ఆ గ్రంథమును వ్యాఖ్యానించిన గోపాలుడు క్రీ.శ. 1135కు పూర్వమే దీనిని వివరించెను. ఇంచుమించు 1150 ప్రాంతమున హేమచంద్రాచార్యుడు ఛందోనుశాసనమున దీనినే ప్రతిపాదించెను. వీరెవ్వరును గణితగ్రంథము వ్రాయబూనినవారు కారు. తమ శాస్త్రమున పుట్టిన ప్రశ్నకు నిశ్శేషముగా సమాధానము చెప్పదలచిరి. ఆ ప్రయత్నమున ఒక గణితసత్యము వారికి గోచరించినది.

ఇటలీదేశమున పీసానగరవాసియైన లెయొనార్డో 1202లో రచించిన లీబర్ అబాకీ గ్రంథమున కుందేళ్ల సంతానవృద్ధి లెక్కలో ఇదే సంఖ్యాశ్రేణి కనబడును. ఫిబొనాచీ అనునది ఆయనకు తరువాతివా రిడిన పేరు. ఆ పేరుతోనే నేడీ శ్రేణి లోకప్రసిద్ధము. ఇచ్చట జాగరూకత యవసరము. తాను ఉపయోగించిన తొమ్మిది అంకెలు భారతీయములని లెయొనార్డోయే చెప్పెను. కాని ఈ శ్రేణిని గూడ ఆయన భారతీయఛందోగ్రంథములనుండి గ్రహించెనని చెప్పుటకు ఆధారము లేదు. ఛందస్సులో ముందుగా కనబడినదనునది నిరూపితము. అచ్చటినుండియే పోయినదనునది ఊహ. స్వదేశాభిమానముచే ఈ రెంటిని కలిపివేసినచో నిరూపితమైనదియు సంశయాస్పదమగును.

వర్ణప్రస్తారమునను ఇట్టి చమత్కారమే కలదు. తెలుగు లాక్షణికులు రెండు, మూడు, నాలుగు గురువులను ప్రస్తరించి, మొదట లఘువున్న రూపములలో ఆ లఘువునకు బదులు రెండు లఘువుల నుంచి, ప్రతి ప్రస్తారమునను తొలి రెండు రూపములను విడిచిరి. రెండు గురువుల ప్రస్తారమున నాలుగు రూపములు. రెండు పోగా మిగిలిన గల, లలల అనునవి హ, నగణములు. ఇవి సూర్యగణములు. మూడు గురువుల ప్రస్తారమున ఎనిమిదింట రెండు పోగా ఆఱు ఇంద్రగణములు. నాలుగింటి ప్రస్తారమున పదునాఱింట రెండు పోగా పదునాలుగు చంద్రగణములు. పట్టికలుగా వల్లెవేయబడు 2, 6, 14 అను సంఖ్యల వెనుక ఇట్టి క్రమమున్నది.

2014లో ఫీల్డ్స్ పతకము నందిన గణితవేత్త మంజుల్ భార్గవ తన తాతగారైన సంస్కృతపండితునివద్ద బాల్యమున ఈ ఛందోగణితమును తెలిసికొని, హేమచంద్రుని సంఖ్యలను తన ప్రసంగములలో ప్రశంసించెను. ఇంటిలో విన్న ఛందఃపాఠము ఒక బాలునికి గణితమునం దభిరుచి పెంచగలిగినదనుటకు ఇది నిదర్శనము.

ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము మున్నగు ప్రత్యయములు పరీక్షలో రెండు మార్కుల లక్షణవాక్యములుగా మిగిలిపోవుట విచారకరము. అవి చెప్పించుకొనవలసినవి కావు, చేయించవలసినవి. అధ్యాపకుడు నల్లబల్లపై నాలుగు మాత్రలవఱకు ప్రస్తరించి చూపి, ఐదు మాత్రల రూపములను విద్యార్థినే వ్రాయుమనవలెను. ఎనిమిదవ రూపము వ్రాసి, తొమ్మిదవదానికై వెదకి, అది లేదని, ఏల లేదో తానే గ్రహించిన విద్యార్థి విరహాంకుడు నడచిన త్రోవలో ఒక యడుగు వేసినవాడగును.