మైనం మీద 72 మేళాలు

వీణను యంత్రమంటే కొందరు విద్వాంసులకు కోపం రావచ్చు. సరస్వతి ఒడిలో ఉన్నదాన్ని మరమ్మతు దుకాణంలోకి లాగినట్టుంటుంది. కానీ పనస దండి మీద మైనపు గట్లు కట్టి, వాటిలో 24 లోహపు మెట్లు నిలిపిన ఆ అమరికను కాసేపు పనిముట్టుగానే చూస్తే, తలకిందులుగా చెప్పుకుంటూ వస్తున్న చరిత్ర ఒకటి సరిగ్గా నిలబడుతుంది. శాస్త్రకారులు ముందుగా రాగాలకు మూలమైన 72 మేళకర్తలను లెక్కగట్టారనీ, వీణ వాటిని వినిపించే సాధనం మాత్రమేననీ మన పాఠాల ధోరణి. నా వాదన దీనికి ఎదురు. ముందు మెట్లు నిలిచాయి, మేళకర్తలు ఆ మెట్లెక్కి వచ్చాయి. జాడ మాటలోనే ఉంది: వీణకు మెట్లు అమర్చడాన్ని ఇవాళ్టికీ ‘మేళం కట్టడం’ అనే అంటారు.

వాయిద్యం ఆకారాన్ని బట్టి సిద్ధాంతం ఆకారం మారుతుందనడానికి మొదటి సాక్ష్యం మెట్లు లేని వీణే. అమరావతి శిల్పాల్లో స్త్రీలు వాయిస్తున్నదీ, సముద్రగుప్తుడు తన నాణెం మీద ఒళ్ళో పెట్టుకున్నదీ విల్లులా వంగిన వీణ. అందులో స్వరానికొక తీగ. నాట్యశాస్త్రంలోని ప్రయోగం అలాంటి వాయిద్యానికే అతుకుతుంది. ఒకేలా శ్రుతి చేసిన రెండు వీణల్లో ఒకదాన్ని కదపకుండా ఉంచి, రెండోదాని తీగలన్నిటినీ ఒక్కొక్క శ్రుతి, అంటే స్వరాల మధ్య దూరాన్ని కొలిచే చిన్న అంతరం, చొప్పున నాలుగు విడతలు దించమంటాడు భరతుడు. రెండో విడతకు దించిన వీణలోని గాంధార నిషాదాలు కదపని వీణలోని రిషభ ధైవతాలతో కలుస్తాయి. మూడో విడతకు రిషభ ధైవతాలు షడ్జ పంచమాలతో, నాలుగో విడతకు షడ్జ మధ్యమ పంచమాలు వాటి కింది స్వరాలతో కలుస్తాయి. అంటే రెండు శ్రుతుల స్వరాలు రెండు, మూడు శ్రుతులవి రెండు, నాలుగు శ్రుతులవి మూడు. కూడితే 22. ఎంత ముచ్చటైన లెక్క! అయితే తీగను వెంట్రుకవాసి దించినా పక్క తీగకు అడ్డురాని వాయిద్యం మీద మాత్రమే ఇది ఇంత హాయిగా సాగుతుంది.

మెట్టు వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది, మరో సౌకర్యం వచ్చింది. ఒక్క తీగే అన్ని స్వరాలూ పలుకుతుంది, మోగే పొడవు తగ్గేకొద్దీ స్వరం పైకి పోతుంది. చిక్కల్లా ఆ మెట్లను ఎక్కడ నిలపాలన్నదే. పాత శాస్త్రకారులు రెండు కట్టుబడులు చెప్పారు. ఏకరాగమేళ వీణలో వాయించబోయే రాగానికి కావలసిన మెట్లే ఉంటాయి, రాగం మారితే వాటిని జరుపుకోవాలి. సర్వరాగమేళ వీణలో మెట్లు కదలవు, ఏ రాగమైనా వాటితోనే సర్దుకోవాలి. అసలు ఆవిష్కరణ ఈ రెండోదే. దీన్ని తంజావూరు రఘునాథ నాయకుడి (1600–1634) పేర చెప్పుకోవడం అలవాటు. తెలుగులో కావ్యాలు రాసిన ఆ రాజు మీద మనకు మమకారం ఉండటం సహజమే. కానీ అంతకు ముందే, 1550లో, విజయనగరంలో అళియ రామరాయల ప్రాపకంతో ‘స్వరమేళకళానిధి’ రాసిన రామామాత్యుడు ఈ రెండు రకాలనూ వివరించాడు. ఆయన ఒక వీణను అచ్యుతరాజేంద్ర మేళవీణ అన్నాడు. తంజావూరుకు వచ్చేసరికి అలాంటి పేరే రఘునాథుడికి దక్కింది. వీణ కట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

రామామాత్యుడి దగ్గరే నా వాదనకు గట్టి ఆధారం దొరుకుతుంది. అంతర గాంధారం, దానికి ఒక్క శ్రుతి పైన చ్యుతమధ్యమ గాంధారం. శాస్త్రం ప్రకారం ఇవి రెండు వేర్వేరు స్వరాలు. రెండింటికీ మెట్లు పెడితే మరీ ఇరుకై వాయించడానికి వీలుపడదు కనుక, రెండోదాన్నే మొదటిదానికి ప్రతినిధిగా తీసుకోవచ్చంటాడాయన. కాకలి నిషాదానికీ ఇదే ఏర్పాటు. ఇరుకు ఎంతో లెక్క వేసి చూడవచ్చు. మోగే తీగ పొడవు 80 సెంటీమీటర్లనుకుందాం. స్థాయిని 12 సమభాగాలు చేస్తే మొదటి మెట్టు నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో పడుతుంది, 12వ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 40 దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు ఒక శ్రుతిని 81/80 నిష్పత్తిగా తీసుకుంటే, ఆ రెండు గాంధారాల మెట్ల మధ్య మిగిలేది 8 మిల్లీమీటర్లు. పై స్థాయిలో నాలుగే. వేలు పట్టదు. రెండు స్వరాలు ఒకటైపోయింది చెవి తేడా పట్టలేక కాదు, వేలికి చోటు చాలక. ఫలితం నేరుగా సిద్ధాంతం మీద పడింది. ఆయన చెప్పిన 20 మేళాలు ఈ ప్రతినిధులను ఒప్పుకుంటే 15కు తగ్గిపోతాయి.

మరో వందేళ్ళకు వెంకటమఖి ‘చతుర్దండి ప్రకాశిక’లో అదే అమరికను ముందుకు తోశాడు. రఘునాథుడి మంత్రి గోవింద దీక్షితుల కొడుకాయన. వీణ మీద షడ్జానికీ మధ్యమానికీ నడుమ నాలుగు మెట్లున్నాయి. వాటిలో రెండు ఎంచుకుంటే, కిందిది రిషభం, పైది గాంధారం. నాలుగింట్లో రెండు ఎంచే మార్గాలు ఆరు. పంచమం తర్వాత కూడా నాలుగే మెట్లు కనుక ధైవత నిషాదాలకు మరో ఆరు. మధ్యమాలు రెండు. ఆరు ఆర్ల ముప్పై ఆరు, రెండింతలు 72. స్థాయిలో ఉన్నవి 12 స్థానాలే అయినా స్వరాలకు 16 పేర్లు ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. రెండో మెట్టు అవసరాన్ని బట్టి చతుశ్రుతి రిషభమూ అవుతుంది, శుద్ధ గాంధారమూ అవుతుంది. గొంతు నుంచి పుట్టిన సిద్ధాంతానికి ఒకే స్వరాన్ని రెండు పేర్లతో పిలవాల్సిన అగత్యం రాదు. మెట్ల నుంచి పుట్టినదానికి వస్తుంది. పైగా వెంకటమఖి కాలానికి వాడుకలో ఉన్న మేళాలు 19 మాత్రమే. మిగిలినవి ముందుముందు పుట్టే రాగాల కోసం, పరదేశాల రాగాల కోసం అని ఆయనే సమర్థించుకున్నాడు. వాటిలో 40 వివాది మేళాలు, అంటే ఏదో ఒకవైపు నాలుగు మెట్లలో మొదటి రెండింటినో చివరి రెండింటినో ఇరికించి ఎంచుకున్నవి. గాయకులు చాలాకాలం వాటికి దూరంగా ఉన్నారు. తర్వాత వాటిలోనూ పాట పుట్టింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు. కట్టిన మెట్లు కొత్త పాటను రప్పించాయన్నమాట.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. 12 స్థానాల కోసం వీణ దాకా పోనక్కర్లేదు. పంచమం మీద పంచమం పేర్చుకుంటూ పోతే చైనావాళ్ళకూ పన్నెండే వచ్చాయి. నిజమే. కానీ అలా 12 పంచమాలు పేర్చినా వలయం మూసుకోదు, ఏడు స్థాయిల కన్నా దాదాపు 1.36 శాతం ఎక్కువే తేలుతుంది. ఆ మిగులును ఎక్కడ సర్దాలి, ఏ రెండు స్వరాలను ఒకటి చేయాలి అన్న తీర్పును వాయిద్యం అడిగింది. అడిగేదాకా శాస్త్రం ఇవ్వలేదు. మెట్లుంటే చాలు, సిద్ధాంతం దానంతటదే పుడుతుందని మాత్రం నేననను. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య చేతి కిన్నెరకూ పన్నెండు మెట్లే. కథాగానానికి తోడుండటం దాని పని. అన్ని రాగాలనూ ఒకే కట్టుబడిలో పలికించమని దాన్నెవరూ అడగలేదు. ఆ ఒత్తిడి ఆస్థానాలది.

రెండో అభ్యంతరం ఇంకా సూటైనది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం, ఊగని స్వరం మన రాగాల్లో అరుదు. కదలని మెట్టు దానికి కొలత ఎలా అవుతుంది? జవాబు మైనపు గట్టు ఎత్తులోనూ మెట్టు వెడల్పులోనూ ఉంది. తీగను మెట్టు మీదనే పక్కకు లాగే వీలుంది. స్వరం బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఒక నిండు స్వరం పైకి పోవడానికి బిగువు దాదాపు 27 శాతం పెంచాలి. అంత లాగుడునూ తట్టుకునేలా వీణ కట్టారు. స్థానాలను మెట్లు పట్టుకున్నాయి, కోల్పోయిన శ్రుతులను వేలు లాగి తెచ్చుకుంది. రాగం మెట్లలో లేదన్నది ఒప్పుకోవలసిందే. మేళం రాగం కాదని వైణికుడికి వేరే చెప్పాలా!

ఉత్తరాది సితారు ఇదే కథను పక్కనుంచి చెబుతుంది. అక్కడ రాగవర్గానికి పేరు ఠాట్, అది కూడా మెట్ల అమరిక పేరే. సితారు మెట్లను దారంతో కడతారు, రాగాన్ని బట్టి జరుపుకుంటారు. హిందుస్తానీ సంగీత శాస్త్రకారుడు భాత్‌ఖండే వెంకటమఖి గ్రంథాన్ని చదివి కూడా పది ఠాట్ల దగ్గరే ఆగాడు. జరిపే మెట్లున్న చోట సాధ్యమైన అమరికలన్నిటినీ పట్టిక వేయాల్సిన తొందర తక్కువనిపిస్తుంది నాకు.

బొబ్బిలి వీణైనా నూజివీడు వీణైనా, చెక్కడం పూర్తయ్యాక మిగిలే అసలు పని మేళం కట్టడమే. మెత్తటి మైనంలో మెట్టు నిలిపి, తీగ మీటి విని, అటూ ఇటూ జరిపి, చెవి ఒప్పుకున్నాక మైనం గట్టిపడనిస్తారు. కొన్నేళ్ళ ఎండలకు అది మెత్తబడి మెట్టు జరిగితే మళ్ళీ కట్టాలి. రామామాత్యుడు ఒకటి చేసిన గాంధారం ఆ 8 మిల్లీమీటర్లలో ఎక్కడ నిలవాలో ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవాల్సిందే.