పరగడుపు రక్తచక్కెర: హార్మోన్ల నియంత్రణ

ఉపోద్ఘాతం:

మధుమేహం లేని వ్యక్తి రాత్రి ఎనిమిది గంటలకు భోజనం చేసి, మరునాడు ఉదయం ఆరు గంటలకు రక్తపరీక్ష చేయించుకుంటే గ్లూకోజు సాధారణంగా డెసిలీటరుకు 70 నుండి 99 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. వయోజనుల మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు అవసరం. రక్తంలో ఏ సమయంలోనైనా ఉండేది నాలుగైదు గ్రాములే. ఆహారం అందని ఆ పది గంటలలో ఈ స్వల్ప నిల్వ తరిగిపోకుండా హార్మోన్లు ఎలా కాపాడుతున్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాలేయం పాత్ర:

పరగడుపున రక్తంలోకి చేరే గ్లూకోజులో అధికభాగం కాలేయం నుండి వస్తుంది. ఇందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది, నిల్వ ఉన్న గ్లైకోజెన్ విచ్ఛిన్నం కావడం. రెండవది, లాక్టేట్, గ్లిసరాల్, అమైనో ఆమ్లాల నుండి గ్లూకోజు కొత్తగా తయారుకావడం. ఉపవాసం కొనసాగేకొద్దీ గ్లైకోజెన్ తరిగి, రెండవ మార్గానికి ప్రాధాన్యం పెరుగుతుంది. మూత్రపిండాలు కూడా ఇందులో కొంత పాలుపంచుకుంటాయి.

ఇన్సులిన్, గ్లూకగాన్:

క్లోమంలోని ఆల్ఫా కణాలు స్రవించే గ్లూకగాన్ కాలేయాన్ని గ్లూకోజు విడుదలకు ప్రేరేపిస్తుంది. బీటా కణాలు స్రవించే ఇన్సులిన్ ఆ విడుదలను అదుపు చేస్తుంది. ఇన్సులిన్ భోజనానంతరం మాత్రమే పనిచేస్తుందన్న అభిప్రాయం సరికాదు. పరగడుపున దాని స్థాయి తగ్గుతుందే గాని పూర్తిగా ఆగిపోదు. ఆ కొద్దిపాటి ఇన్సులినే కాలేయపు ఉత్పత్తినీ, కొవ్వు కరిగే వేగాన్నీ హద్దులో ఉంచుతుంది. మరోవైపు, ఇన్సులిన్ తగ్గినందువల్ల కండరాలు గ్లూకోజుకు బదులు కొవ్వు ఆమ్లాలను ఎక్కువగా వాడుకుంటాయి. గ్లూకోజును గ్రహించడానికి మెదడు ఇన్సులిన్‌పై ఆధారపడదు కనుక, ఇలా మిగిలిన గ్లూకోజు దానికి దక్కుతుంది.

సహాయక హార్మోన్లు:

గ్లూకోజు తగ్గుముఖం పట్టగానే మొదట ఇన్సులిన్ స్రావం తగ్గుతుంది. అది సుమారు 65–70 మిల్లీగ్రాములకు దిగితే గ్లూకగాన్, ఎడ్రినలిన్ స్రావాలు పెరుగుతాయి. పెరుగుదల హార్మోను, కార్టిసాల్ మరింత నెమ్మదిగా ప్రభావం చూపుతాయి. రాత్రి నిద్రలో పెరుగుదల హార్మోను, తెల్లవారుజామున కార్టిసాల్ సహజంగానే అధికమవుతాయి. ఆరోగ్యవంతులలో ఇన్సులిన్ కూడా కొద్దిగా పెరిగి వాటి ప్రభావాన్ని సరిచేస్తుంది. అందువల్ల ఉదయపు విలువలో గణనీయమైన మార్పు కనిపించదు.

సంఖ్య తెలుపనిది:

ఇద్దరు వ్యక్తుల పరగడుపు విలువ 92 అనుకుందాం. ఒకరిలో కొద్దిపాటి ఇన్సులిన్‌తోనే అది సాధ్యమై ఉండవచ్చు. మరొకరిలో కాలేయం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనందున, బీటా కణాలు దానిని ఎంతో అధికంగా స్రవించి అదే విలువను నిలబెడుతూ ఉండవచ్చు. పరీక్షాఫలితం ఇద్దరికీ ఒకటే, క్లోమంపై పడే భారం మాత్రం వేరు. ఆ భారాన్ని బీటా కణాలు మోయలేని దశలోనే పరగడుపు విలువ పెరగడం మొదలవుతుంది.

ముగింపు:

పరగడుపు రక్తచక్కెర అనేక హార్మోన్ల పరస్పర చర్యకు తుది ఫలితం. అది సాధారణ పరిధిలో ఉండటం నియంత్రణ సాగుతున్నదనడానికి నిదర్శనం. ఆ నియంత్రణకు శరీరం ఎంత శ్రమిస్తున్నదో ఈ ఒక్క సంఖ్య చెప్పలేదు. కుటుంబంలో మధుమేహం ఉన్నవారి విషయంలోనూ, నడుము చుట్టూ కొవ్వు చేరినవారి విషయంలోనూ ఈ పరిమితిని దృష్టిలో ఉంచుకొని ఫలితాన్ని అర్థం చేసుకోవడం అవసరం.