ఎందుకని అడగకండి

అప్పుల బాధతో రైతు ప్రాణం తీసుకున్న ఇంట్లో భార్యకు ఏడ్చే తీరిక కూడా దొరకదు. పోలీసులు పంచనామా రాస్తూ అడుగుతారు: ‘ఎందుకు చేసుకున్నాడు? ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?’ పలకరించడానికొచ్చిన చుట్టాలూ కాస్త గొంతు తగ్గించి అదే అడుగుతారు. అత్తగారైతే అడగదు, తేల్చేస్తుంది: ‘నా కొడుకును నువ్వే పొట్టన పెట్టుకున్నావు.’

ఆ తర్వాత వంతు సర్కారుది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వచ్చిన 421వ జీవో ప్రకారం రైతు కుటుంబానికి పరిహారం రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయశాఖ ఏడీలతో కూడిన త్రిసభ్య కమిటీ విచారించాలి. అప్పుడు లక్షన్నర ఉన్న సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరు లక్షలు చేసింది, అందులో లక్ష అప్పులు తీర్చడానికి. సొమ్ము పెరిగింది గానీ రుజువు చూపే భారం ఆమెదే. ప్లాస్టిక్ సంచిలో ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పాసుపుస్తకం జిరాక్సు పెట్టుకుని తిరగాలి. ప్రామిసరీ నోటు మాత్రం షావుకారి బీరువాలో ఉంటుంది. కౌలు రైతు ఇంట్లోనైతే పాసుపుస్తకమే ఉండదు, పట్టా ఇంకొకరిది. భర్త అప్పుకే పోయాడని, మరి దేనికీ కాదని, పుట్టెడు దుఃఖంలో ఆఫీసర్లను నమ్మించాలి. ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉంటుందా?

తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాలో నాకు నచ్చింది ఇదే. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా నామినీకి ఐదు లక్షలు వస్తాయి. ఆమెను ఎవరూ నిలదీయరు. కౌలుదార్లను బయటే ఉంచడం మాత్రం అన్యాయం.

మరి మనం? దినకర్మ దాకా ఇల్లు నిండుగా ఉంటుంది. ఆ తర్వాత ‘దుర్మరణం జరిగిన ఇల్లు’ అని గడప తొక్కరు, పెళ్లిళ్లకు పిలవరు. నాన్న గుండెనొప్పితో పోయాడని పిల్లవాడికి చెబుతారు, వాడు బడిలో పక్కవాడి నోట అసలు సంగతి వింటాడు. అది ఇంట్లోవాళ్లే, వాడి వయసుకు తగ్గట్టు, ‘నీ తప్పేం లేదు నాన్నా’ అంటూ చెప్పాల్సిన మాట.

ముందురోజు తానన్న మాటే ప్రాణం తీసిందని ఆమె రాత్రంతా కుమిలిపోతుంది. ఒక్క మాటకు ఎవరూ చనిపోరు. వరస నష్టాలు, తీరని అప్పు, పరువు పోయిందన్న బెంగ, ఎవరూ గుర్తించని మనోవ్యాధి కలిసి అక్కడిదాకా తెస్తాయి. ఈ సంగతి ఆమెకు ఒక్కసారి చెబితే చాలదు, మళ్లీ మళ్లీ చెప్పాలి.

‘ధైర్యంగా ఉండు’ అనేసి లేచి రాకండి. ‘మీ ఆయన ఆ రోజు మా మోటారు బాగుచేసి పెట్టాడమ్మా’ అనండి, ఆయన బతికిన రోజుల్ని కూడా ఎవరో ఒకరు తలచుకోవాలి. నెల గడిచాక వెళ్లండి, మొదటి సంవత్సరీకానికి వెళ్లండి. ఆర్డీవో ఆఫీసుకు ఆమె వెంట నడవండి. ‘నేనూ పోతే బాగుండు’ అని ఆమె నోట వస్తే ఒంటరిగా వదలకండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.